కళ్లజోడు కెమెరా: ఎదుటివారికి తెలిసేదెలా?

రే-బ్యాన్ మెటా కళ్లజోళ్లు 2025 మే నెలలో రూ.29,900 ప్రారంభ ధరతో భారత విపణిలోకి వచ్చాయి. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్న మనిషి మనల్ని చిత్రీకరిస్తున్నాడో లేదో తెలుసుకోవడం ఎలా అన్న ప్రశ్న వాటితో పాటే ఇక్కడికీ వచ్చింది. ఫ్రేములో ఒక మూలన కెమెరా, రెండో మూలన రికార్డింగ్ సమయంలో వెలిగే తెల్లని ఎల్‌ఈడీ దీపం ఉంటాయి. ఆ దీపమే తయారీదారులు చెబుతున్న జవాబు.

నిజానికి ఒంటిమీద ధరించే తొలి కంప్యూటరు ఎవరి కంటా పడకుండా ఉండటానికే పుట్టింది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో గణిత శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థోర్ప్, సమాచార సిద్ధాంతానికి ఆద్యుడైన క్లాడ్ షానన్ కలిసి, రౌలెట్ అనే జూదపు చక్రంపై బంతి ఎక్కడ ఆగుతుందో అంచనా కట్టే సిగరెట్ పెట్టె పరిమాణపు పరికరాన్ని తయారుచేసి, 1961లో లాస్ వేగస్ జూదశాలలో ప్రయోగించి చూశారు. ఒకరు బూటులో దాచిన స్విచ్చును కాలి బొటనవేలితో నొక్కి చక్రం వేగాన్ని తెలిపితే, ఫలితం పందెం కాసేవారి చెవిలోని బుల్లి స్పీకరులో స్వరాలుగా వినిపించేది. చెవి దాకా వెళ్లే తీగ చర్మంలో కలిసిపోయేలా దానికి రంగు వేశారు గానీ, అది మరీ సన్ననిది కావడంతో మాటిమాటికీ తెగిపోయి, పెద్ద పందేలకు దిగే వీలు లేకపోయింది. ఇలాంటి పరికరాల వాడకాన్ని లాస్ వేగస్ ఉన్న నెవడా రాష్ట్రం 1985లో చట్టం చేసి నిషేధించింది.

1990లలో ఎంఐటీ మీడియా ల్యాబ్ విద్యార్థుల చేతుల్లో ఈ రంగం మలుపు తిరిగింది. స్టీవ్ మాన్ తన కంటికి కనిపించేదాన్ని 1994 నుంచి ఇంటర్నెట్‌లో ప్రసారం చేశారు. 1993 నుంచి కంప్యూటరును ధరించే తిరిగిన థాడ్ స్టార్నర్ ఎదుటివారితో మాట్లాడుతూనే ఒంటిచేతి కీబోర్డుపై నోట్సు రాసుకునేవారు. తల మీద తీగలు, నడుముకు బ్యాటరీ వేలాడే ఆ రోజుల్లో చిత్రీకరణ విషయం ఎవరికీ విడిగా చెప్పనక్కరలేదు. పరికరం మొరటుతనమే ఆ పని చేసేదని నా అభిప్రాయం.

మొబైల్‌ ఫోన్లలోకి కెమెరా వచ్చినప్పుడు కొన్ని ఆసియా దేశాలు శబ్దాన్ని ఆశ్రయించాయి. జపాన్‌లో చట్టం ఆదేశించకపోయినా, ఫోన్ సంస్థలు షట్టరు చప్పుడును ఆపలేని విధంగా అమర్చాయి. దక్షిణ కొరియా 2004లో ఆ చప్పుడు 60 నుంచి 68 డెసిబెల్స్ ఉండాలని ప్రమాణం పెట్టుకుంది. అయినా ఫోనుతో ఫొటో తీయాలంటే చేయి పైకెత్తక తప్పదు, ఎదుటివారికి ఆ కదలికే చాలు. కళ్లజోడు ఆ కదలికను మాయం చేసింది.

స్టార్నర్ సాంకేతిక సారథ్యం వహించిన కెమెరా కళ్లజోడు గూగుల్ గ్లాస్ 2013లో 1,500 డాలర్లకు ఎంపిక చేసిన వారి చేతికి అందింది. దానికి విడిగా రికార్డింగ్ దీపం లేదు, కంటి ముందుండే బుల్లి తెర వెలుగును బట్టి ఎదుటివారు ఊహించుకోవలసిందే. పైగా అదే ఏడాది డిసెంబరులో కన్ను గీటితే ఫొటో పడే సదుపాయాన్నీ చేర్చారు. మర్యాద ఎరిగిన రూపకర్త ఎవరూ చేయకూడని పని ఇదేననిపిస్తుంది. అంతకు ముందే, జూన్‌లో, పలు దేశాల గోప్యతా కమిషనర్లు సంస్థ అధిపతి ల్యారీ పేజ్‌కు ఉమ్మడిగా లేఖ రాశారు. అమెరికాలోని కొన్ని బార్లు గ్లాస్‌తో లోపలికి రావద్దన్నాయి. 2015 జనవరిలో ఆ నమూనా అమ్మకం ఆగిపోయింది.

మరుసటి ఏడాది స్నాప్ సంస్థ తెచ్చిన స్పెక్టకిల్స్ అనే కళ్లజోడులో రికార్డు చేస్తున్నప్పుడు దీపాల వలయం తిరిగేది. ఫేస్‌బుక్ (ఇప్పటి మెటా) 2021లో తెచ్చిన రే-బ్యాన్ స్టోరీస్‌లో మాత్రం దీపం ఎంత చిన్నదంటే, అది జనానికి అర్థమవుతుందని నిరూపించాలని ఐర్లాండ్, ఇటలీ నియంత్రణ సంస్థలు కోరాయి. 2023 నమూనా అయిన రే-బ్యాన్ మెటాలో దీపాన్ని పెద్దది చేసి, దాన్ని మూసివేస్తే చిత్రీకరణ సాగకుండా ఏర్పాటు చేశారు. 2024లో ఇద్దరు హార్వర్డ్ విద్యార్థులు ఈ కళ్లజోడుకు ముఖాలను వెతికే సేవను జోడించి, దారిన పోయే అపరిచితుల పేర్లు, వివరాలు రాబట్టి చూపారు. దీపం వెలిగినంత మాత్రాన ఈ సంగతి ఎవరికీ తెలియదు.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరాలకు డేటాను వాడుకుంటే వర్తించదు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను స్త్రీల ఏకాంత సందర్భాలను చిత్రీకరించడాన్ని నేరంగా పరిగణిస్తుంది గానీ, బస్సులోనో హోటల్లోనో మామూలుగా మాట్లాడుతున్నవారిని కళ్లజోడుతో చిత్రీకరించడం దాని పరిధిలోకి రాదు.