బ్రేక్ ఆయిల్, ట్రాక్ డే: షెడ్డులో వినపడే అపోహలు

మనవైపు రేస్ ట్రాక్ లేదు. సరదా ఉన్న కుర్రాళ్ళు ట్రాక్ డేకి, అంటే సొంత బండిని రేస్ ట్రాక్ మీద తిప్పుకునే రోజుకి, కారేసుకుని విజయనగరం నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైనే నడిపి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి పోతారు, కొందరు ఇంకా ముందుకెళ్ళి కోయంబత్తూరు ట్రాక్‌కి. బయల్దేరే ముందు మా మెకానిక్ షెడ్డుకి వచ్చి అడిగేదంతా ఎయిర్ ఫిల్టర్ గురించి, సైలెన్సర్ సౌండు గురించి. బ్రేకుల మాట నేనే ఎత్తాలి. ఎత్తగానే ఈ కింది వాటిలో ఏదో ఒకటి వస్తుంది.

అపోహ: "రోడ్డు మీద బ్రహ్మాండంగా పడుతున్నాయి కదన్నా, ట్రాక్ మీద ఎందుకు పడవు?"

రోడ్డు మీద ఒకసారి గట్టిగా తొక్కితే మళ్ళీ అంత గట్టిగా తొక్కే అవసరం చాలాసేపటికి గానీ రాదు, ఈలోగా చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కులు చల్లారిపోతాయి. ట్రాక్‌లో ఆ విరామం దొరకదు. లెక్క వేసి చూడండి. మనిషితో కలిపి 1,000 కిలోలున్న కారు 140 కిలోమీటర్ల వేగం నుంచి 60కి దిగాలంటే వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 600 కిలోజౌళ్ళు, అంటే రెండు లీటర్ల కుళాయి నీళ్ళు మరగబెట్టేంత వేడి. అందులో ఎక్కువ భాగం కొద్ది సెకన్లలో డిస్కుల్లోకి పోతుంది, అవి చల్లారేలోపే ఇంకో మలుపు వచ్చేస్తుంది, ఇరుంగట్టుకోట్టైలో ల్యాప్, అంటే ఒక చుట్టు, మొత్తం కలిపినా 3.7 కిలోమీటర్లే మరి. ఆ వేడి డిస్కుని ఒరుసుకునే ప్యాడ్ నుంచి దాన్ని నెట్టే పిస్టన్‌కి, పిస్టన్ నుంచి ఆ రెంటినీ పట్టుకుని ఉండే కాలిపర్‌లోని ఆయిల్‌కి ఎక్కుతుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుపోతుంది, మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది.

ట్రాక్ మొహం చూడని వాళ్ళకీ ఈ ముచ్చట వర్తిస్తుంది. అరకు నుంచి బండినిండా జనంతో అనంతగిరి ఘాట్ మీదుగా ఎస్.కోట వైపు దిగుతూ, టాప్ గేరులో ఉంచి బ్రేకు మీద కాలు తీయకుండా వచ్చేవాళ్ళ కాలిపర్లలో జరిగేదీ ఇదే. రెండో గేరులో దిగండి బాబూ, పెట్రోలు మిగలకపోయినా పర్లేదు.

అపోహ: నంబరు పెరిగేకొద్దీ ఆయిల్ మంచిది, కాబట్టి డాట్ 5 పోసేద్దాం.

మిగతావి ఎలా ఉన్నా, ఇది మాత్రం నిజంగా ప్రమాదం. డాట్ అంటే బ్రేక్ ఆయిల్ డబ్బా మీద ఉండే గ్రేడు. డాట్ 3, 4, 5.1 మూడూ గ్లైకాల్ జాతివి, ఒకదాంతో ఒకటి కలుస్తాయి. డాట్ 5 సిలికాన్, వాటితో కలవదు, ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి అసలు వద్దు. 5కీ 5.1కీ పేరులో పోలికే తప్ప చుట్టరికం లేదు.

కొత్త ఆయిల్ కనీసం ఎన్ని డిగ్రీల దాకా మరగకూడదో ప్రమాణం ఉంది: డాట్ 3కి 205, డాట్ 4కి 230, 5.1కి 260. అదే ఆయిల్‌లో సుమారు 3.7 శాతం నీరు చేరాక అడిగే కనీసం 140, 155, 180 మాత్రమే. కుర్రాళ్ళు మొదటి వరస చూసి కొంటారు, బండి నడిచేది రెండో వరస మీద. పైగా ఇవి కనీసాలు. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటి రేసింగ్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా ఆగుతుంది, అదీ గ్లైకాల్ రకమే, పాత డాట్ 4 పూర్తిగా తీసేసి పోసుకోవచ్చు. 5.1 ప్రత్యేకత చూస్తే గడ్డకట్టే చలిలో కూడా పల్చగా పారడం, దాన్ని మైనస్ 40 దగ్గర కొలుస్తారు. పాలకొండ ఎండలో దాంతో మనకేం పని?

అపోహ: రేసింగ్ ఆయిల్ పోశాం, ఇక మూడేళ్ళు చూడక్కర్లేదు.

తారుమారు. గ్లైకాల్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, రబ్బరు పైపుల గుండా కూడా. మామూలుగా రెండేళ్ళకోసారి మార్చమంటారు, కళింగపట్నం, భీమిలి వైపు సముద్రపు గాలిలో తిరిగే బండికి నేను ఏడాదికే మారుస్తాను. ట్రాక్‌కి వెళ్తుంటే ఆ వారంలో మార్చాలి, అంతే. ఏడాది నాటి ఖరీదైన ఆయిల్ కన్నా నిన్న సీలు విప్పిన మంచి డాట్ 4 మీద నాకు నమ్మకం ఎక్కువ. సీలు విప్పిన అన్నాను గమనించండి. సగం వాడిన డబ్బా మూతికి పాలిథిన్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, షెల్ఫులో పెట్టి ఆర్నెల్ల తర్వాత ఇంకో బండికి పోయడం మన షెడ్లలో మామూలు. అర లీటరు డబ్బాలు కొనండి, మీ కళ్ళముందే సీలు తీయించండి.

"తేనె రంగులో మెరుస్తోంది కదన్నా, ఏటీ అవదు" అనేవాళ్ళు కూడా ఉన్నారు. నీరు కలిసినా రంగు మారాలని లేదు. నల్లబడితే ఎలాగూ మార్చాలి, మెరుస్తోంది కదా అని వదిలేయడానికి లేదు.

అపోహ: బ్రేకు పడకపోతే ప్యాడ్లు అరిగినట్టే.

పెడల్‌ని అడగండి, చెప్తుంది. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి ఆగకపోతే ప్యాడ్లు వేడికి పట్టు వదిలేశాయి, మాడు వాసన కూడా వస్తుంది. పెడల్ మెత్తబడి కిందికి జారిపోతుంటే ఆయిల్ మరిగింది. మొదటిదానికి మందు ప్యాడ్లు, రెండోదానికి ఆయిల్. ఒకదానికి ఇంకోటి మార్చి డబ్బులు తగలేసుకునేవాళ్ళే ఎక్కువ. స్టీల్ అల్లిక పైపులు వేస్తే పెడల్ కాస్త బిగువుగా అనిపిస్తుంది గానీ మరిగే ఆయిల్‌ని అవి ఆపలేవు. మరిగాక చల్లారితే పెడల్ తిరిగి వస్తుంది, దాన్ని నమ్మి మళ్ళీ ట్రాక్ ఎక్కొద్దు, ముందు ఎయిర్ తీయించి, అంటే పైపుల్లో చిక్కిన బుడగల్ని బయటికి పంపించి, కొత్త ఆయిల్ ఎక్కించాలి.

ఎయిర్ తీయడం అంటే గుర్తొచ్చింది. అమెరికా వీడియోలు చూసి వెనక కుడి చక్రం నుంచి మొదలుపెట్టమంటారు. వాళ్ళ స్టీరింగ్ ఎడమన, పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ కూడా అటే, కాబట్టి వాళ్ళకి దూరం అది. మనకి సాధారణంగా దూరంగా ఉండేది వెనక ఎడమ చక్రం. మీ బండి మాన్యువల్‌లో వేరే వరస ఉంటే మాత్రం అదే పాటించండి. పాత బండి అయితే పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టండి, అడుగు దాకా తొక్కితే మాస్టర్ సిలిండర్ లోపలి సీలు ఎప్పుడూ నడవని చోటికి వెళ్ళి చిరిగే అవకాశం ఉంది. బండి పెయింటు మీద బ్రేక్ ఆయిల్ ఒలికితే వెంటనే నీళ్ళు కొట్టండి.

మిగతావి టూకీగా. ప్యాడ్ సగం కన్నా తక్కువ ఉంటే మార్చాకే వెళ్ళండి. సెషన్ చివరి ల్యాప్ బ్రేకు వాడకుండా మెల్లగా తిప్పాలి. ఆగాక హ్యాండ్ బ్రేకు వేయొద్దు, కాలే డిస్కుకి ప్యాడ్ అతుక్కుంటుంది, గేరులో పెట్టి చక్రం కింద రాయి పెట్టండి. చక్రాలు చల్లారాక నట్లు టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) చూసుకోండి.

రేసింగ్ ప్యాడ్లు వేసుకున్నవాళ్ళు ఇంటికి బయల్దేరే ముందు మామూలు ప్యాడ్లు మళ్ళీ ఎక్కించుకోండి. రేసింగ్ ప్యాడ్లు చల్లగా ఉంటే సరిగా పట్టవు, తెల్లవారుజామున హైవే మీద రణస్థలం దగ్గర గేదె అడ్డమొస్తే ప్యాడ్లు వేడెక్కేదాకా ఆ గేదె ఆగదు.