ఇంకాల రాళ్లు, ఆండీస్ సంతలు: అపోహలు - వాస్తవాలు

తెలుగు యాత్రికులను పెరూకు తీసుకువెళ్లడం నా వృత్తి. అక్కడి ఆండీస్ పర్వతాల్లో ఒకప్పుడు ఏలిన ఇంకాల రాతి కట్టడాలు, కొండ ఊళ్ల సంతలు చూపిస్తాను. ప్రతి బృందంలోనూ వినిపించే మాటలివి.

అపోహ: ఎత్తు వల్ల ఆయాసం వచ్చేది ఇంకాల పాత కొండ నగరం మచు పిచ్చులోనే.

వాస్తవం: మచు పిచ్చు ఎత్తు సుమారు 2,430 మీటర్లు. విమానం దిగే కుస్కో నగరమే 3,400 మీటర్ల ఎత్తున ఉంది. తలనొప్పి, ఆయాసం అక్కడే మొదలవుతాయి. అందుకే నేను అందరినీ ముందు కిందనున్న ఉరుబాంబా లోయకు తీసుకువెళతాను. కుస్కో చివర్లో చూస్తాం. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు బయలుదేరే ముందే వైద్యుణ్ణి అడగాలి.

అపోహ: ఇంకాల రాతి గోడలు మనుషులు కట్టినవి కావు, గ్రహాంతరవాసుల పని.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఉరుబాంబా లోయలోని ఇంకాల కోట ఒల్లాంతాయ్‌తాంబోకు రాయి వచ్చింది నదికి ఆవలి కొండ మీదున్న కచికాతా గని నుంచి. దారి మధ్యలో వదిలేసిన బండలు నేటికీ అక్కడే పడి ఉన్నాయి. స్థానికులు వాటిని 'అలసిన రాళ్లు' అంటారు. గట్టి గుండ్రాళ్లతో కొట్టి, అరగదీసి, అతుకు కుదిరేదాకా సరిచూసి పేర్చారు. పరిశోధకుడు జాన్ పియర్ ప్రోట్జెన్ అలాంటి గుండ్రాళ్లతోనే రాయిని చెక్కి చూపించారు. 1950 భూకంపంలో కుస్కోలోని సాంతో దొమింగో మఠం దెబ్బతింది. దాని అడుగునున్న ఇంకాల గోడలు చెక్కుచెదరలేదు.

అపోహ: 1911లో అమెరికా పరిశోధకుడు హైరమ్ బింగమ్ మచు పిచ్చును కనిపెట్టాడు.

వాస్తవం: ఆయన వెళ్లేసరికే అక్కడ రైతు కుటుంబాలు సాగు చేసుకుంటున్నాయి. పెరూ రైతు అగస్తీన్ లిసారగా 1902లోనే గోడ మీద తన పేరు రాశాడు.

అపోహ: 'బేబీ అల్పాకా' అంటే పిల్ల జంతువు ఉన్ని.

వాస్తవం: అల్పాకా ఉన్నినిచ్చే ఆండీస్ జంతువు. 'బేబీ' అన్నది ఉన్ని సన్నదనాన్ని చెప్పే పేరు. పెద్ద జంతువు నుంచీ వస్తుంది. పీసాక్ ఊరి సంతలో ఆ పేరుతో మరీ చవకగా అమ్మే శాలువాల్లో కృత్రిమ నూలే ఎక్కువ.

అపోహ: సంతలో సగం ధరకు అడగాలి.

వాస్తవం: యంత్రం మీద చేసిన వస్తువుకు కొంత బేరం సరే. చేనేతకు మాత్రం వద్దు. చిన్చెరో ఊళ్లో మగువలు మగ్గం ఒక కొసను నడుముకు కట్టుకుని కూర్చుంటారు. నాగజెముడు మీద పెరిగే పురుగులను నలిపి ఎరుపు తీస్తారు. నిమ్మరసం కలిపితే ఆ ఎరుపు ఛాయ మారుతుంది. పెద్ద దుప్పటికి వారాలు పడుతుంది. వారు మాట్లాడుకునేది కెచువా, ఇంకాల భాష. ధర అడిగే ముందు 'అల్యిల్యాంచు' అనండి. బాగున్నారా అని అర్థం.