బోర్డు గేమ్‌ను ఫోన్‌లోకి తేవడం: అపోహలు - వాస్తవాలు

వ్యూహంతో ఆడే బోర్డు గేములను మొబైల్ యాప్‌లుగా మలచడం నా వృత్తి. ఆటగాళ్ల దగ్గరా, ఈ రంగంలోకి కొత్తగా రావాలనుకునే ప్రోగ్రామర్ల దగ్గరా కొన్ని మాటలు పదేపదే వింటుంటాను. వాటిలో చాలావాటికి మూలం ఒకటే. బల్ల చుట్టూ కూర్చుని ఆడేటప్పుడు ఆటలో సగం పని మనుషులే చేస్తారు. ఎవరి వంతో గుర్తుచేస్తారు, పాయింట్లు సరిచూస్తారు, ఎదుటివాళ్లు వేసే ఎత్తును కళ్లారా చూస్తారు, సందేహం వస్తే "సరే, ఈసారికి ఇలా కానిద్దాం" అని తేల్చేసుకుంటారు. అదొక పని అని ఎవరికీ అనిపించదు కాబట్టి లెక్కలోకి రాదు. ఫోన్‌లోకి వచ్చేసరికి అదంతా యాప్ నెత్తిన పడుతుంది.

అపోహ: ఆట ముందే తయారై ఉంది, బొమ్మలు పెట్టి కోడ్ రాస్తే చాలు

నియమాల పుస్తకం మనుషుల కోసం రాసింది. చదివేవాళ్లు ఇంగితంతో సర్దుకుంటారన్న నమ్మకంతో ఎన్నో సంగతులు చెప్పకుండా వదిలేస్తుంది. కోడ్‌కు ఆ వెసులుబాటు లేదు.

కటాన్‌నే తీసుకోండి. క్లౌస్ టాయిబర్ రూపొందించగా 1995లో జర్మనీలో వచ్చిన, పాచికలతో వనరులు సంపాదించి ఊళ్లు, రోడ్లు కట్టే ఆట. అందులో ఒక్కో వనరుకు 19 కార్డులే ఉంటాయి. పాచికలు పడ్డాక అందరికీ పంచడానికి గోధుమ కార్డులు చాలకపోతే ఎవరికీ ఇవ్వకూడదు. కానీ రావాల్సింది ఒక్కరికే అయితే, మిగిలినవన్నీ వాళ్లకే ఇవ్వాలి. ఈ నియమం పుస్తకంలో ఉంది. బల్ల దగ్గర చాలామందికి గుర్తుండదు, గుర్తులేకపోయినా ఆట ఆగదు. యాప్ మాత్రం ప్రతిసారీ దాన్ని పాటించాలి, పైగా "నా గోధుమలు ఏమయ్యాయి?" అని అడిగేవాళ్లకు అక్కడికక్కడే కారణం చూపించాలి.

అదే ఆటలో అతి పొడవైన రోడ్డు ఉన్నవాళ్లకు ఒక కార్డు, దానికి 2 పాయింట్లు. ఒక్కొక్కరి దగ్గర 15 రోడ్డు ముక్కలుంటాయి. మనిషైతే వేలు పెట్టి లెక్కపెట్టేస్తాడు. ప్రోగ్రామ్ ప్రతి కొస నుంచీ బయల్దేరి, ఏ ముక్కనూ రెండుసార్లు లెక్కించకుండా, శాఖలన్నీ, వలయాలన్నీ వెతకాలి. మధ్యలో ఎదుటివాళ్ల ఊరు వెలిస్తే అక్కడ రోడ్డు తెగుతుంది. అలా తెగాక, పాత యజమానికన్నా మరో ఇద్దరి రోడ్లు పొడవై, ఆ రెండూ సమానమైతే, ఆ కార్డు ఎవరికీ చెందకుండా పక్కన ఉండాలి. ఇవి అరుదుగా వచ్చే సందర్భాలే. కానీ వేలమంది ఆడే యాప్‌లో అరుదైనది కూడా రోజూ జరుగుతుంది.

కార్డుల ఆటల్లో ఇది ఇంకా చిక్కు. అంగారకుణ్ని నివాసయోగ్యంగా మార్చే ఆట టెరాఫార్మింగ్ మార్స్ మూల రూపంలో 208 ప్రాజెక్ట్ కార్డులున్నాయి. రెండేసి చొప్పున జత చేస్తేనే 21,528 జతలు. అన్నీ ఒకదానితో ఒకటి తగువు పెట్టుకోవు. ఏవి పెట్టుకుంటాయో మాత్రం ముందు తెలియదు.

అందుకే కొత్త ఆట చేతికొచ్చినప్పుడు వెంటనే కోడ్ జోలికి పోను. కాగితం ఆటను నలుగురి చేత ఆడించి, పక్కన కూర్చుని, వాళ్ల నోటి వెంట వచ్చే ప్రతి ప్రశ్ననూ రాసుకుంటాను. "ఇప్పుడు ఇది చేయొచ్చా?" "నీ దగ్గర ఎన్ని కార్డులున్నాయి?" "ఇందాక ఏం పెట్టావ్?" యాప్ డిజైన్‌కు నా మొదటి ముసాయిదా ఆ జాబితాయే.

అపోహ: బోర్డును ఉన్నదున్నట్టు స్క్రీన్ మీద చూపిస్తే ఆటగాళ్లు సంతోషిస్తారు

ఫొటోలో చూసినప్పుడు సంతోషిస్తారు. ఆడబోతే వేలు అడ్డమొస్తుంది. గీతలు కలిసే చోట రాళ్లు పెట్టి ఆడే గో ఆట బోర్డుకు 19 అడ్డగీతలు, 19 నిలువుగీతలు. ఫోన్ స్క్రీన్ వెడల్పు 7 సెంటీమీటర్లనుకుంటే, గీతకూ గీతకూ మధ్య 4 మిల్లీమీటర్లు కూడా రాదు. తాకే బటన్ కనీసం ఇంత ఉండాలని ఆపిల్ 44 పాయింట్లు, గూగుల్ 48 డీపీ అని సూచిస్తాయి (రెండూ స్క్రీన్ మీది కొలతలే, 4 మిల్లీమీటర్లకన్నా బాగా ఎక్కువ). గో బోర్డు ఆ కొలతకు ఏ మూలకూ సరిపోదు. అందుకే ముందు రాయిని పెట్టి చూపించడం, కావాలంటే పక్కకు జరపడం, ఆ తర్వాతే ఎత్తును ఖాయం చేయడం అనే రెండు మెట్ల పద్ధతి వచ్చింది. ఒక్క తాకుతోనే ఎత్తు పడిపోయే యాప్‌లో ఓడినవాళ్ల కోపం న్యాయమైనదే.

కొలతలకన్నా పెద్ద సమస్య చూపు. బల్ల దగ్గర తల ఎత్తితే చాలు, ఎవరి చేతిలో ఎన్ని కార్డులున్నాయో, ఎవరు దేనికి సిద్ధమవుతున్నారో కనిపిస్తుంది. ఫోన్‌లో అదే సమాచారం మూడు ట్యాబ్‌ల వెనక దాగితే ఆటగాడు దాన్ని చూడడం మానేస్తాడు. చూడడం మానేస్తే ఎవరికి వాళ్లు విడివిడిగా ఆడుకుంటున్నట్టు అవుతుంది, వ్యూహం పలచబడుతుంది. కాబట్టి ఏది ఎప్పుడూ కళ్లముందుండాలి, ఏది ఒక తాకు దూరంలో ఉండొచ్చు అన్నది అందచందాలకు సంబంధించిన నిర్ణయం కాదు, ఆట రూపకల్పనలో భాగమే.

ఇంకొకటి: మీ వంతు ఆడిన ఆరు గంటల తర్వాత యాప్ తెరిస్తే బోర్డు పూర్తిగా మారిపోయి ఉంటుంది. మధ్యలో ముగ్గురు ఏమేం చేశారో వరసగా ఆడించి చూపించకపోతే, మీరు ఆడేది ఎవరో పరిచయంలేనివాళ్లు వదిలేసిన ఆట.

అపోహ: యాప్ పాచికలు మోసం చేస్తాయి

మా పనిలో అన్నింటికన్నా ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. దీన్ని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఇందులో నమ్మకం ప్రశ్న ఉంది. చేత్తో వేసిన పాచికను ఎవరూ అనుమానించరు. కనిపించని చోట పడిన పాచికను అనుమానించడం సహజం.

ముందు లెక్క చూద్దాం. రెండు పాచికలకు 36 ఫలితాలు. 7 పడే దారులు 6, 12 పడే దారి ఒక్కటే. "36 సార్లు వేస్తే ఒక్క 12 అయినా పడాలి కదా" అనిపిస్తుంది. నిజానికి 36 సార్లు వేసినా 12 ఒక్కసారీ పడకపోయే అవకాశం సుమారు 36 శాతం. 70 సార్లు పాచికలు వేసే ఆటలో ఎక్కడో ఒకచోట వరసగా మూడు 7లు పడే అవకాశం దాదాపు 23 శాతం. అంటే నాలుగైదు ఆటలకొకసారి జరిగేదే. జరిగినప్పుడు నష్టపోయినవాళ్లకు అది బాగా గుర్తుంటుంది.

కార్డుల విషయంలో ఇంకో ఆసక్తికరమైన సంగతి ఉంది. మనం చేత్తో కలిపే కట్ట సరిగ్గా కలవదు. కట్టను రెండు సగాలు చేసి, ముక్కలను ఒకదానిలో ఒకటి చొప్పించి కలిపే పద్ధతిలో 52 ముక్కలు బాగా కలవాలంటే దాదాపు 7 సార్లు కలపాలని 1992లో డేవ్ బేయర్, పెర్సీ డయాకోనిస్ గణితంతో చూపించారు. బల్ల దగ్గర అంత ఓపిక ఎవరికుంటుంది? రైలు మార్గాల ఆట టికెట్ టు రైడ్‌లో 8 రంగుల బోగీలు 12 చొప్పున, 14 ఇంజన్లు, మొత్తం 110 కార్డులు. ఆటగాళ్లు ఒకే రంగు కార్డులను గుత్తులుగా దించుతారు. వాటిని అరకొరగా కలిపితే ఆ గుత్తులు కొంతవరకు అలాగే ఉండిపోతాయి, తర్వాత ఒకే రంగు వెంటవెంటనే వస్తుంది. ఆ తీరుకు అలవాటుపడ్డ చేతికి, యాప్ నిజాయితీగా కలిపిన కట్టే వింతగా తోస్తుంది.

అలాగని ప్రోగ్రామర్లను పూర్తిగా నమ్మండని అనను. కలిపే కోడ్‌ను తప్పుగా రాయడం చాలా తేలిక. ప్రతి కార్డునూ కట్టలోని ఏదో ఒక స్థానంతో మార్చేస్తే చాలనుకుంటారు కొత్తవాళ్లు. మూడు కార్డులతో సరిచూడండి: అలా చేస్తే 27 దారులు, కానీ వరసలు 6 మాత్రమే. 27ను 6తో సమంగా భాగించలేం, కాబట్టి కొన్ని వరసలు తప్పకుండా ఎక్కువసార్లు వస్తాయి. ఫిషర్-యేట్స్ పద్ధతిలో, అప్పటికే స్థిరపడిన స్థానాలను వదిలి మిగిలినవాటిలోంచే ఎంచుకుంటే ఈ లోపం ఉండదు.

ఆట ముగిశాక ఏ సంఖ్య ఎన్నిసార్లు పడిందో పట్టికగా చూపించడం నేను ఎప్పుడూ వదలను. కొన్ని యాప్‌లు 36 ఫలితాలనూ ఒక కార్డుల కట్టలా కలిపి ఒక్కొక్కటీ తీసే ఎంపికనూ ఇస్తాయి. మంచిదే, కానీ అది వేరే ఆట అవుతుంది. కట్ట చివరికొచ్చేసరికి ఏం మిగిలిందో లెక్కపెట్టగలిగినవాళ్లకు మేలు. అందుకే దాన్ని ఎంపికగా ఉంచుతాను, అసలు పద్ధతిగా పెట్టను.

అపోహ: బలమైన కంప్యూటర్ ప్రత్యర్థిని తయారుచేయడమే అన్నింటికన్నా కష్టం

చదరంగంలో ఆ కష్టం ఎప్పుడో తీరిపోయింది. 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించిన కంప్యూటర్ డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితులను పరిశీలించేది. 2009లో బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన కోపా మెర్కోసూర్ టోర్నమెంట్‌లో పాకెట్ ఫ్రిట్జ్ 4 అనే ప్రోగ్రామ్ ఒక హెచ్‌టీసీ ఫోన్ మీద నడుస్తూ 10 ఆటల్లో 9.5 పాయింట్లు సాధించింది. అది సెకనుకు 20 వేలకన్నా తక్కువ స్థితులే చూసేది.

కష్టమంతా మనిషిలా బలహీనంగా ఆడించడంలో ఉంది. బలమైన ప్రోగ్రామ్‌ను తీసుకుని అప్పుడప్పుడు పిచ్చి ఎత్తు వేయమంటే, పది ఎత్తులు గ్రాండ్‌మాస్టర్‌లా ఆడి పదకొండో ఎత్తులో మంత్రిని ఊరికే ఇచ్చేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దానితో ఆడి ఏమీ నేర్చుకోలేరు. 2020లో వచ్చిన మాయా చెస్ అనే ప్రోగ్రామ్ ఈ దిశలో నాకు బాగా నచ్చిన ప్రయత్నం: ఒక్కో స్థాయి మనుషులు ఆడిన ఆటలతో శిక్షణ ఇచ్చి, ఆ స్థాయి మనిషి ఏ ఎత్తు వేస్తాడో ఊహించేలా చేశారు. ఆధునిక బోర్డు గేముల్లో రేస్ ఫర్ ది గెలాక్సీ యాప్‌కు మంచి పేరుంది. తనతో తాను ఆడుకుంటూ నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్క్ అనే రకం ప్రోగ్రామ్ అందులో ప్రత్యర్థి.

దాచిన కార్డులున్న ఆటల్లో "కంప్యూటర్ నా చేతిలోని కార్డులు చూస్తోంది" అన్న అనుమానం తప్పదు. మనిషికి కనిపించేదే కంప్యూటర్ ఆటగాడికీ అందేలా కోడ్‌లోనే గోడ కట్టాలి. అప్పుడు కంప్యూటర్ ఎదుటివాళ్ల దగ్గర ఉండగల కార్డులను వీలైనన్ని రకాలుగా ఊహించి పంచి చూసుకుని, సగటున ఏది మేలో అది ఆడుతుంది. బాగా ఊహించినప్పుడు చూసినట్టే ఉంటుంది మరి.

అపోహ: ఆన్‌లైన్ ఆటంటే సర్వర్ ఒకటి పెడితే సరి

ఎత్తు వేశాక "దీన్ని ఎవరైనా అడ్డుకుంటారా?" అని అడగాల్సిన ఆటలున్నాయి. బల్ల దగ్గర అది క్షణంలో తేలిపోతుంది. రోజుకు ఒకటి రెండుసార్లు ఫోన్ చూసేవాళ్లు ఆడే ఆటలో అలాంటి ఒక్కో ప్రశ్నకు పూట గడిచిపోతుంది. సరే, అడ్డుకునే కార్డు ఉన్నవాళ్లనే అడుగుదామంటే, ఆట ఆగిందంటేనే ఆ కార్డు ఎవరి దగ్గరో ఉందని అందరికీ తెలిసిపోతుంది. ఆగడమే రహస్యాన్ని బయటపెడుతుంది. "ఫలానా ఎత్తు వేస్తే అడ్డుకో, లేకపోతే వదిలేయ్" అని ముందే చెప్పి ఉంచే ఏర్పాటు దీనికి కొంత మందు.

అన్నట్టు, ఎదుటివాళ్ల కార్డుల సమాచారం మీ ఫోన్‌కు రానే కూడదు. స్క్రీన్ మీద దాచితే చాలదు. ఫోన్‌లోకి వచ్చినదాన్ని చదవగలిగేవాళ్లు ఉంటారు. వేసిన ఎత్తును వెనక్కి తీసుకునే సౌకర్యం కూడా కొత్త కార్డు తిరగేయనంతవరకే.

అపోహ: నియమాలకు కాపీరైట్ లేదు, కాబట్టి ఏ ఆటనైనా యాప్ చేసేయొచ్చు

సగం నిజం, ప్రమాదకరమైన సగం. ఆట ఆడే పద్ధతికి సాధారణంగా కాపీరైట్ వర్తించదు. పేరు, బొమ్మలు, రాసిన మాటలు మాత్రం వేరు. పదాల ఆట స్క్రాబుల్‌ను పోలిన ఆన్‌లైన్ ఆట స్క్రాబ్యులస్ మీద, స్క్రాబుల్ హక్కులున్న మాటెల్ సంస్థ వేసిన దావాలో 2008లో ఢిల్లీ హైకోర్టు కాపీరైట్ వాదనను ఒప్పుకోలేదు, కానీ ఆ పేరు స్క్రాబుల్ ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉందని వాడకుండా ఆపింది. 2012లో అమెరికాలో టెట్రిస్ కేసులో అయితే రూపురేఖలను అలాగే అనుకరించడమూ ఉల్లంఘనేనని కోర్టు తేల్చింది. నన్నడిగితే కోర్టు సంగతి తర్వాత. ఏళ్లు వెచ్చించి ఆటను సృష్టించినవాళ్ల అనుమతి తీసుకోవడం కనీస మర్యాద.

అపోహ: విడుదలైతే పని అయిపోయినట్టే

2017లో ఐఫోన్లకు ఐఓఎస్ 11 వచ్చినప్పుడు పాత తరహా 32 బిట్ యాప్‌లన్నీ ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. అట్టపెట్టెలోని ఆట ఇరవై ఏళ్ల తర్వాతా తెరుచుకుంటుంది. యాప్‌ను ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. లైసెన్సు గడువు ముగిస్తే బాగున్న యాప్ కూడా స్టోర్ నుంచి వెళ్లిపోతుంది.

అపోహ: మాటలతో నడిచే ఆటలు ఫోన్‌కు పనికిరావు

డిప్లొమసీ పూర్తిగా బేరసారాల ఆట, 1959లో వచ్చింది. 1960లలోనే జనం దాన్ని ఉత్తరాల మీద ఆడేశారు. ఆదేశాలను అందరూ రహస్యంగా రాసి ఒకేసారి బయటపెడతారు కాబట్టి నెమ్మదిగా సాగినా ఆటకు లోటు రాదు. పైగా కుట్రలకు కావాల్సినంత సమయం దొరుకుతుంది.

ఇబ్బంది మాటల వల్ల కాదు, వేగం వల్ల. రైనర్ క్నిజియా 1992లో రూపొందించిన మోడరన్ ఆర్ట్‌లో ఎవరైనా ఎప్పుడైనా పాట పెంచగలిగే బహిరంగ వేలం ఉంది. నెట్‌వర్క్ ఆలస్యం ఉన్నచోట ఎవరు ముందు అరిచారో ఎలా తేల్చాలి? ప్రతి ఒక్కరూ తమ గరిష్ఠ ధరను రహస్యంగా చెప్పి, యాప్ పాట పెంచుకుంటూ పోయేలా చేయొచ్చు. బల్ల దగ్గర గెలిచేవాళ్లే చాలావరకు ఇక్కడా గెలుస్తారు. కానీ ఎదుటివాళ్లు ఒక్క క్షణం తటపటాయించడం కనిపించదు, అది చూసి మీరు ఇంకో వెయ్యి పెంచడమూ ఉండదు. అలాంటి ఆటతో వచ్చేవాళ్లకు నేను ముందే చెబుతాను: ఒకే ఫోన్‌ను చేతులు మార్చుకుంటూ ఆడే పద్ధతి గానీ, గొంతు వినిపించే లైవ్ ఆట గానీ పెట్టండి, రోజుకో ఎత్తు పద్ధతి మాత్రం దీనికి వద్దు.