టీచర్ల బర్న్ఔట్: సైకియాట్రిస్ట్ దగ్గరికొస్తే ఎస్ఆర్‌లో ఎక్కుతుందా?

బర్న్ఔట్‌తో, అంటే పని ఒత్తిడికి పూర్తిగా అలసిపోయి, నా ఓపీకి వచ్చే టీచర్లు చాలామంది కూర్చోగానే అడిగేది "మేడం, ఇది సర్వీస్ రిజిస్టర్ (ఎస్ఆర్)లో ఎక్కుతుందా, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి తెలుస్తుందా" అని. చూపించుకున్నంత మాత్రాన ఎక్కదండి, మేం ఎవరికీ చెప్పం. ఈ ఒక్క పుకారు చేస్తున్న నష్టం రోజూ చూస్తున్నా, అందుకే ముందు దీని గురించే.

అపోహ: పిచ్చి డాక్టర్ దగ్గరికెళ్తే రికార్డవుతుంది, ప్రమోషన్ ఆగుతుంది, ఉద్యోగం పోతుంది.

వాస్తవం: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం మా బాధ్యత, మీ హెచ్ఎం ఫోన్ చేసి అడిగినా చెప్పం. మెడికల్ లీవ్ పెడితే సర్టిఫికెట్ ఆఫీసుకి వెళ్తుంది, అది నిజమే, కానీ మీరు నాతో చెప్పుకున్నవి రాసిన కేస్ షీట్ వెళ్లదు, అసలు లీవే పెట్టకుండా సాయంత్రం వచ్చి చూపించుకుని వెళ్లేవాళ్లకి ఆ సర్టిఫికెట్ గొడవ కూడా లేదు. ఇక ఉద్యోగం సంగతి, జబ్బు ముదిరి వైకల్యం దాకా వెళ్లినా ఆ కారణంతో ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు అని 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్‌లోనే ఉంది.

ఇది తెలియకే ఒక లెక్కల మాస్టారు ఎంత బాధపడ్డారో. నిద్ర లేదు, స్కూల్ గేటు కనపడితే గుండె దడ, చదువంటే ప్రాణం పెట్టే మనిషి సొంత కూతురు పుస్తకం పట్టుకొస్తే కసురుకునేవారట. ఎవరైనా చూస్తారేమోనని డాక్టర్ దగ్గరికి పోకుండా మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొనుక్కుని వేసుకుంటూ పోయారు, మాత్ర లేకపోతే కన్ను మూతపడని స్థితి వచ్చాక వాళ్లావిడ తీసుకొచ్చారు. అప్పటికి అది డిప్రెషన్, పైగా మాత్రల అలవాటు, ఆ మాత్రలు మాన్పించడానికే నెలలు పట్టింది. ముందే వచ్చుంటే ఇంత దూరం వచ్చేదే కాదు.

అపోహ: బర్న్ఔట్, డిప్రెషన్ ఒకటే.

వాస్తవం: కాదు. బర్న్ఔట్ జబ్బు కాదు, పని వల్ల వచ్చే పరిస్థితి అని 2019లో డబ్ల్యూహెచ్ఓ చెప్పింది. ఒంట్లో శక్తి అయిపోవడం, పని మీద విరక్తి, ఎంత చేసినా ఏం చేయలేకపోతున్నా అనిపించడం, ఈ మూడూ దాని లక్షణాలు. కానీ దాని వెనక డిప్రెషన్ ఉండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు, అది తేల్చాల్సింది మేము, స్టాఫ్ రూమ్ కాదు.

అపోహ: వేసవి సెలవులొస్తే అదే సర్దుకుంటుంది.

వాస్తవం: కొంచెం తేలికవుతుంది, జూన్‌లో బడి తెరవగానే మళ్లీ అదే, ఎందుకంటే అలసట తెచ్చిన పని అక్కడే ఉంది కదా. యాప్‌లో ఫోటోలు, డేటా ఎంట్రీ, ఎలక్షన్ డ్యూటీ, తెలంగాణలో 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వే కూడా టీచర్ల మీదే పడింది. ఇవన్నీ మోస్తున్నవాళ్లని పట్టుకుని "యోగా చేయండి" అని ఊరుకుంటే ఎలా?

అపోహ: పని చేయనోళ్లకే వస్తుంది. తప్పు, నేను చూసినవాళ్లలో ఎక్కువమంది ఒళ్లు దాచుకోకుండా చేసినవాళ్లే.

ప్రైవేట్ టీచర్లూ, మీకు గవర్నమెంట్ వాళ్లకున్న లీవులు లేవు, ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ గోప్యత చట్టం మీకూ అంతే వర్తిస్తుంది. ఆసుపత్రికి రావడానికే ధైర్యం చాలకపోతే మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి చేయండి, ఉచితం, రాత్రైనా పర్లేదు, తెలుగులో మాట్లాడతారు.