ఆర్‌ఎక్స్ 100 క్రాంకు: అపోహలు – వాస్తవాలు

1985 నుంచి 1996 దాకా వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 బైకుని హన్మకొండ, కాజీపేటల్లో ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. అయినా క్రాంకు (పిస్టన్ పైకీ కిందికీ ఆడేదాన్ని తిరుగుడుగా మార్చే ఇరుసు) పోయిన బళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. అందులో చాలావరకు పోకుండా ఆపగలిగినవే. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంకుకు పంపు ఎప్పటికప్పుడు ఆయిల్ అందిస్తుంది. ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్‌లో అలా కాదు. గాలి, పెట్రోలు, టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకు వాడే ఆయిల్) అన్నీ ముందు క్రాంకు గదిలోకి వెళ్లి, ఆ తర్వాతే సిలిండర్‌లోకి ఎక్కుతాయి. దారిలో బేరింగులకు అంటుకునే ఆ పల్చటి ఆయిల్ పొరే క్రాంకుకు దిక్కు.

అపోహ: ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే సౌండ్ పెరుగుతుంది, నష్టమేం లేదు.
వాస్తవం: ఫిల్టర్ లేకపోతే దుమ్ము నేరుగా క్రాంకు బేరింగుల మీదుగానే పోతుంది. కరీంనగర్ రోడ్డులో గ్రానైట్ లారీల వెనక నడిపే బండికి ఇంతకంటే కీడు లేదు.

అపోహ: ఆయిల్ ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిది.
వాస్తవం: కంపెనీ ఇచ్చిన ఆయిల్ పంపు బాగుంటే పెట్రోలులో కలపక్కర్లేదు. పంపు తీసేసిన బండికి లీటరుకు 25–30 మి.లీ. చాలు. అంతకు మించితే సైలెన్సర్‌లో కార్బన్ పేరుకుంటుంది, ప్లగ్ తడుస్తుంది. అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది: నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ లాంటి దిగుడులో గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే ఇంజిన్ గట్టిగా తిరుగుతుంది, ఆయిల్ మాత్రం సరిపడా అందదు. మధ్యమధ్యలో కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వండి.

అపోహ: క్రాంకు సీలు (క్రాంకు రెండు చివర్లా గాలి, ఆయిల్ దాటకుండా ఆపే రబ్బరు రింగు) పోతే ఆయిల్ కారుతుంది, కనిపెట్టొచ్చు.
వాస్తవం: మ్యాగ్నెట్ (క్రాంకు ఒక చివర ఉండి కరెంటు పుట్టించే చక్రం) వైపు సీలు పోతే బయటికి ఏమీ కారకపోవచ్చు. లోపలికి గాలి లాగుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ స్పీడు వెంటనే దిగదు, ప్లగ్ తెల్లబడుతుంది, అలాగే నడిపితే ఒకరోజు ఇంజిన్ పట్టేస్తుంది, అంటే పిస్టన్ సిలిండర్‌లో ఇరుక్కుపోతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్‌ని లోపలికి లాగి, తెల్లటి పొగ దట్టంగా వస్తుంది. పాత బండికి ఇంజిన్ విప్పిన ప్రతిసారీ రెండు సీళ్లూ మార్చాల్సిందే. క్రాంకు పనితో పోలిస్తే సీళ్ల ఖర్చు లెక్కలోకే రాదు.

అపోహ: వారానికోసారి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే బండి బాగుంటుంది.
వాస్తవం: వానాకాలంలో ఇది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే లోపలి తేమ పోదు, బేరింగులు తుప్పు పడతాయి. తీస్తే ఓ పావుగంటైనా నడపండి.

అపోహ: ఇంజిన్ పట్టేస్తే సిలిండర్ బోరు చేయించి కొత్త పిస్టన్ వేస్తే చాలు.
వాస్తవం: పిస్టన్ గీరుకున్నప్పుడు రాలిన అల్యూమినియం పొడి కిందికి, పిస్టన్‌ని క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగులోకి పోతుంది. పైన కొత్త పిస్టన్ వేసినా కింద పాత పొడి అరగదీస్తూనే ఉంటుంది. క్రాంకు గదిని శుభ్రంగా కడగాలి. రాడ్‌ని పైకీ కిందికీ లాగి చూడాలి, ఆ దిశలో ఆట (వదులు) అసలు ఉండకూడదు. పక్కలకు కొద్దిగా కదలడం మామూలే, దానికి భయపడి రాడ్ మార్చొద్దు.

ఇంకో మాట. ఈ క్రాంకు ఒకే ముక్క కాదు, రెండు సగాల్ని పిన్నుతో ప్రెస్ చేసి కూర్చింది. మ్యాగ్నెట్‌ని పుల్లర్ లేకుండా సుత్తితో కొట్టి తీస్తే రెండు సగాలూ పక్కకు జరగొచ్చు. రాడ్ కిట్ మార్పిస్తే లేత్ వర్క్‌షాప్‌లో డయల్ గేజ్ (క్రాంకు ఊగుడును ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి మీ కళ్ల ముందే తిప్పి చూపించమనండి. ముల్లు 0.03 మి.మీ. దాటి ఊగితే బండికి ఎక్కించనివ్వకండి.