నీటి సంఘం మీటింగులో మాటకూ వంతు: అపోహలు - వాస్తవాలు

అపోహ: అడిగినవాళ్లందరికీ మైకు ఇస్తే చాలు, చర్చ జరిగినట్టే.

వాస్తవం: అడిగేది ఎప్పుడూ అదే నలుగురు. దాళ్వా (రెండో పంట) నీళ్ల మీద కూర్చుంటే ముందు లేచేది తూము పక్క పొలం ఉన్నాయనే. కాలువ చివర పొలమున్న శివారు రైతు గొంతు సవరించుకునేసరికి టీలు వచ్చేస్తాయి, కుర్చీలు కదిలిపోతాయి. కాలువకు పెట్టుకున్నట్టే మాటకూ వంతులు పెట్టుకోవాలి.

పన్నెండు మంది గుండ్రంగా కూర్చోండి. వంతు శివారు నుంచే మొదలవ్వాలి. మనిషికి 2 నిమిషాలు, మొత్తం 24. మధ్యలో ప్రశ్నలు, "అది కాదండీ" అనడాలు వద్దు. నోరు పెగలనివాళ్లు "తర్వాత చెబుతా" అనొచ్చు, కానీ చుట్టు అయ్యాక వాళ్లను మళ్లీ అడగాలి. రెండో చుట్టు మనిషికి 1 నిమిషం: ఇతరులు చెప్పినదాంట్లో తనకు కొత్తగా తెలిసింది ఒకటి చెప్పాలి, సొంత వాదన కాదు. చాలాచోట్ల ఎగ్గొట్టేది ఈ చుట్టునే. అది లేకపోతే మిగిలేది పన్నెండు ఉపన్యాసాలు.

అపోహ: వంతు పెడితే వినడం దానంతటదే వస్తుంది.

వాస్తవం: రాదు. తన వంతు దగ్గరపడేకొద్దీ మనిషి తన మాటలు కూర్చుకుంటూ ఉంటాడు. అందుకే తనకు సరిగ్గా ముందు మాట్లాడినాయన చెప్పిందే ఎక్కువ మరిచిపోతాడు. మొదటి చుట్టుకు ముందే చెప్పాల్సింది చీటీ మీద రెండు ముక్కలు రాసుకోమనండి. రాయడం రానివాళ్లకు పక్కవాళ్లు రాసిపెట్టాలి.

అపోహ: నలభై మంది వస్తే ఇవన్నీ కుదరవు.

వాస్తవం: ఒక్కరే ఆలోచించుకోవడానికి 1 నిమిషం, ఇద్దరిద్దరుగా 2, నలుగురేసి 4, అందరూ కలిసి 5. పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ చివరి అయిదు నిమిషాల్లో పది జట్లు, జట్టుకు అర నిమిషం, ఒక్కటే మాట. ఎవరిష్టానికి వాళ్లను వదిలేస్తే మాత్రం బావా బావమరుదులు, ఒకే బోదె (పిల్ల కాలువ) రైతులు జతకడతారు, కొత్త మాటేమీ పుట్టదు. తూము దగ్గరాయనకు శివారు ఆయన్ని జతచేయండి.

అపోహ: ప్రెసిడెంటు గారు ముందు మాట్లాడితేనే మర్యాద.

వాస్తవం: ఆయన ముందు మాట్లాడితే మిగతావాళ్లు "ఆయ్, అంతేనండి" అంటారు. ఆయన వంతు ఆఖర్న పెట్టండి. ఫోన్‌లో టైమరు ఆయన చేతిలో ఉండకూడదు.

అపోహ: ఏ మీటింగుకైనా ఇదే పద్ధతి.

వాస్తవం: గట్టుకు గండి పడిన రాత్రి ఎవరూ గుండ్రంగా కూర్చోకండి. కాలువ కాపలా చూసే లస్కరు చెప్పిన చోటికి ఇసుక బస్తాలు మోయండి.