మోచేతి దెబ్బ, సవతి బంధం: అపోహలు - వాస్తవాలు

"కన్నతల్లి అయితే అలా ఏడిపించేదా మేడమ్?" దెబ్బ తగిలిన చేతికి సవతి తల్లి ఎక్సర్‌సైజ్ చేయించినప్పుడు వచ్చే ఈ ప్రశ్న ఫిజియోథెరపీలో ఉన్నవాళ్ళకి కొత్త కాదు. భర్త అడుగుతాడు, అత్తగారు అడుగుతుంది, ఊరి నుంచి పిల్లాడి అమ్మమ్మ ఫోన్ చేసి మరీ అడుగుతుంది. కొన్ని ఇళ్ళలో సవతి తండ్రిని పట్టుకుని భార్యే అంటుంది. హైస్కూలు పిల్లలు బండి మీంచి పడో, కబడ్డీ ఆడుతూనో మోచేయి విరగ్గొట్టుకుని వస్తుంటారు. వాళ్ళ చెయ్యి కంటే ముందు ఇంట్లో ఈ గొడవ తేల్చాల్సి వస్తుంది.

అపోహ: ఎక్సర్‌సైజ్ చేయించి ఏడిపించేవాళ్ళకి ప్రేమ లేదు, ఆపేవాళ్ళకే ఉంది.

నా దగ్గరికి వచ్చే కేసుల్లో పిల్లలకి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మోచేయి చాలా తొందరగా బిగుసుకుపోయే కీలు. కీలు తొలగి, దాంతో పాటు ఎముకేదీ విరగకపోతే, సరిచేశాక కట్టు ఉంచేది ఒకటి రెండు వారాలే. మూడు వారాలు దాటి కదపకుండా ఉంచితే బిగుసుకుపోయే ప్రమాదం బాగా పెరుగుతుంది. కట్టు విప్పిన మొదటి రోజుల్లో కదిపితే నొప్పి ఉంటుంది. అది మామూలే. ఎవరు చేయించినా ఉంటుంది, కన్నవాళ్ళు చేయిస్తే తగ్గదు.

తొమ్మిదో క్లాసు పిల్లాడొకడు గుర్తొస్తున్నాడు. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు, డ్యూటీ ఎక్కితే వారానికి గానీ ఇల్లు చేరడు. కట్టు విప్పాక పూటపూటకీ ఎక్సర్‌సైజ్ చేయించింది పిన్నే, అంటే సవతి తల్లే. ఆయన ఇంటికొచ్చిన రోజు కొడుకు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఉన్నాడు. అంతే. "నా కొడుకుని ఏడిపిస్తే ఊరుకోను" అని చేతిని మళ్ళీ మెడకి వేలాడదీయించాడు. ఆవిడ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఎలా చెబుతుంది? చేయిస్తే రాక్షసి, మానేస్తే పట్టించుకోని మనిషి.

దాదాపు నెల తర్వాత తీసుకొచ్చారు. కీలు ఎన్ని డిగ్రీలు కదులుతోందో కొలిచే గోనియోమీటర్ పెట్టి చూస్తే చెయ్యి అరవై డిగ్రీల దగ్గర మొదలై తొంభై అయిదు దగ్గర ఆగిపోతోంది. పూర్తిగా చాస్తే సున్నా, పూర్తిగా మడిస్తే 140 దాటాలి. రోజువారీ పనులకి 30 నుంచి 130 డిగ్రీల మధ్య కదిలినా సరిపోతుంది. వాడికి ఆ మేరకీ లేదు. కుడిచేత్తో ముద్ద ఎత్తితే, మెడ ముందుకు వంచినా నోటికి అందడం లేదు. తల దువ్వుకోవడం, చొక్కా పైగుండీ పెట్టుకోవడం, అన్నీ ఎడమచేత్తోనే.

తండ్రికి ఉపన్యాసం ఇవ్వలేదు. గోనియోమీటర్ ఆయన చేతికే ఇచ్చి, ఎలా పెట్టాలో చూపించి, అంకె చదవమన్నాను. చదివి చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు పిల్లాడే అన్నాడు: "పిన్ని లెక్కపెడితే చేస్తాను నాన్నా. నువ్వు అలా చూస్తుంటే ఏడుపొస్తోంది." నాన్న డ్యూటీలో ఉన్నప్పుడు ఫోన్లో అంకె అడగడం, ఇంట్లో ఉన్నప్పుడు కొలవడం, పిన్ని లెక్కపెట్టడం, వంచడం మాత్రం పిల్లాడే. నెలలు పట్టింది, చివరికి ముద్ద నోటికి చేరింది. ఆఖరి పదిహేను డిగ్రీలు చాపడం మాత్రం ఇంకా రాలేదు.

ఆ ఇంట్లో గొడవ సద్దుమణగడానికి కారణం నా తెలివేం కాదు, ఆ అంకె. "నీకు జాలి లేదు", "నీకు పట్టదు" అనే మాటలకి అంతుండదు. నిన్న తొంభై అయిదు, ఇవాళ తొంభై ఎనిమిది అంటే ఎవరూ కాదనలేరు.

అపోహ: అయితే ఎంత లాగితే అంత మంచిది.

కాదు. ఇక్కడ భయపడే భర్తదీ కొంత నిజమే. మోచేతిని పక్కవాళ్ళు బలవంతంగా వంచకూడదు, నూనె పోసి మర్దనా చేయకూడదు. అలా చేస్తే కండలో ఎముక పెరిగి కీలు ఇంకా బిగుసుకుపోవచ్చు. దాన్ని మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటాం. చెయ్యి తిన్నగా రావాలని నీళ్ళ బకెట్ మోయించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. దయచేసి ఆ బకెట్ పక్కన పెట్టండి. పిల్లలు తమ బలంతో తామే వంచాలి, చాచాలి. చేసేటప్పుడు లాగినట్టుండి కాసేపటికి తగ్గే నొప్పికి టెన్షన్ పడొద్దు. మర్నాడు పొద్దునకి వాపు, వేడి పెరిగాయంటే నిన్న ఎక్కువైంది, తగ్గించండి, మాకు చెప్పండి.

అపోహ: నాటుకట్టు ఎంత బిగిస్తే అంత గట్టిగా అతుకుతుంది.

పుత్తూరు కట్టు బోర్డు కనపడగానే బండి ఆపేసేవాళ్ళతో నేను వాదించను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఏ కట్టు వేసినా, పిండికట్టు అయినా సరే, వేళ్ళు మొద్దుబారినా, వేళ్ళు చాపితే చెయ్యంతా భరించలేని నొప్పి వచ్చినా, "సవతి పిల్ల కదా, నాటకాలాడుతోంది" అనుకుని కూర్చోవద్దు. అది గంటల్లో కండ చచ్చిపోయే ప్రమాదం. అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకి వెళ్ళి కట్టు వదులు చేయించాలి.

మూలుగ బొమికల సూప్ తాగితే కీలు వదులుతుందా? రుచికి తాగండి.

స్నానం, బట్టల సంగతి ఎవరూ అడగరు గానీ సగం గొడవలు అక్కడే. పద్నాలుగేళ్ళ ఆడపిల్లకి సవతి తండ్రి సాయం చేయడం ఇబ్బంది, పద్నాలుగేళ్ళ మగపిల్లాడికి పిన్ని సాయం చేయడం ఇబ్బంది. ఎవరు సాయం చేస్తే బాగుంటుందో పిల్లలనే అడగండి. ముందు గుండీలుండే వదులు చొక్కా కొనండి. తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే చివర. ఈ చిన్న సంగతి తెలిస్తే చాలామటుకు పిల్లలు తమంతట తామే వేసుకుంటారు.

అపోహ: సవతి తల్లి సంతకం చెల్లదు, భర్త వచ్చేదాకా ఆసుపత్రిలో ముట్టుకోరు.

రెండు వేర్వేరు విషయాలివి. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సహజ సంరక్షకుల లెక్కలో సవతి తల్లిని, సవతి తండ్రిని చేర్చలేదు. ఆ మాట నిజమే. కానీ ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్ళకి ప్రాణం కాపాడే వైద్యం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరి మీదా ఉందని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి దెబ్బ తగిలినప్పుడు భర్త ఫోన్ ఎత్తడం లేదని ఇంట్లో ఆగిపోవద్దు, బయలుదేరండి. ముందే తేదీ అనుకున్న ఆపరేషన్‌కి మాత్రం తండ్రినో కన్నతల్లినో సంతకం అడుగుతారు. ఆయన లారీ ఏ రాష్ట్రంలో ఉందో ఆపరేషన్ రోజు పొద్దున వెతుక్కోకుండా, తేదీ ఇచ్చిన రోజే ఫోన్ చేసి చెప్పండి.